కిట్లు పంచడం ఆపేసి ప్రభుత్వం వెంట పడాలా? గుణుపురం వైపు చిన్న సంఘం, సలహా కావాలి

వంశధార_ఒడ్డు:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు దగ్గర గుణుపురం వైపు. 2020 లాక్‌డౌన్ రోజుల్లో 11 మంది స్నేహితులం కలిసి బియ్యం, పప్పు, నూనె, ఉప్పు సంచుల్లో కట్టి ఊరి చివరి వాడల్లో, కొండ కింద సవర గిరిజనుల గూడేల్లో ఇవ్వడం మొదలుపెట్టాం. రెండు నెలలు చేద్దామనుకున్నది ఆగలేదు. తర్వాత సొసైటీ రిజిస్టర్ చేయించాం, ఇప్పటికీ ప్రతి నెలా మొదటి ఆదివారం పంచుతున్నాం. డబ్బులు విశాఖలో, హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్న మా ఊరివాళ్లే పంపిస్తారు.

నన్ను తినేస్తున్న విషయం ఏంటంటే, అప్పుడు కిట్ అందుకున్న ఇళ్లే ఇప్పటికీ అందుకుంటున్నాయి. మొన్న రిజిస్టరు తిరగేస్తే అవే పేర్లు. లాక్‌డౌన్‌లో తల్లి చంకలో ఉన్న పిల్ల ఈసారి తనే వచ్చి సంచి మోసుకుపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేమిచ్చేది ఒక ఇంటికి పది రోజులు వస్తే ఎక్కువ, మిగతా ఇరవై రోజులూ ఏం తింటున్నారని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా కూర్చుని అడగలేదు.

మాకు డబ్బు పంపే ఒక పెద్దమనిషి ఈమధ్య ఫోన్ చేసి, మీరు ఏడాదంతా పంచే బియ్యం ఒక్క పంచాయతీకి నెలనెలా రావాల్సిన రేషన్ ముందు ఏ మూలకి, కిట్లు తగ్గించి ప్రభుత్వ విధానాల మీద పని చెయ్యండి, దాన్ని అడ్వకసీ అంటారు అన్నారు. మాలో సగం మంది అదే కరెక్ట్ అంటున్నారు. మిగతా సగం, రాజకీయం చేస్తున్నారని ముద్ర వేస్తారు, రిజిస్ట్రేషన్ పోతుంది, ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక మనకెక్కడిది అంటున్నారు. ఇంకో ఇబ్బంది, మాకందరికీ ఒరియా మాట్లాడడం వచ్చు గాని అర్జీ రాసేంత రాత ఇద్దరికే వచ్చు.

ఇలాంటి పని నిజంగా చేసినవాళ్లు చెప్పండి. మాలాంటి చిన్న సంఘం వల్ల అవుతుందా? కిట్లు ఆపెయ్యాలా? ఎక్కడ మొదలుపెట్టాలి?

చోళ్ల_అంబలి:

తమ్ముడూ, నేను రాయగడలో ఉంటాను, కొండ ఊళ్లలో ఇరవై ఏళ్లకి పైగా పనిచేశాను. నీ ప్రశ్న చదివి ఊరుకోలేక రాస్తున్నాను, పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదువు.

2001 వర్షాకాలంలో మన జిల్లా కాశీపూర్ బ్లాకులో మామిడి జీడి జావ తాగి ఇరవై మందికి పైగా చనిపోయారు. టెంకలు పగలగొట్టి లోపలి జీడి ఎండబెట్టి, ఇంట్లో గింజలు అయిపోయిన ఆషాఢ శ్రావణాల్లో దంచి జావ కాచుకుంటారు, తడికి బూజు పట్టిందంటే అదే విషం. అప్పుడు పైనుంచి వచ్చిన మాట ఏంటో తెలుసా? అది ఆకలి చావు కాదు, విషాహారం, జీడి తినడం వాళ్ల అలవాటు అని. ఆ మాట విన్నప్పుడు కలిగిన కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఇంట్లో బియ్యం ఉన్న ఏ తల్లీ బూజు పట్టిన జీడి పిల్లల నోట్లో పెట్టదు. అదే ఏడాది దేశం మొత్తం మీద ప్రభుత్వ గోదాముల్లో 5 కోట్ల టన్నులకు పైగా ధాన్యం మూలుగుతోంది.

ఇప్పుడు నీ ప్రశ్నకి వస్తాను. అదే 2001 ఏప్రిల్‌లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ, రాజస్థాన్ శాఖవాళ్లు, సుప్రీంకోర్టులో ఒక పిటిషన్ వేశారు. గోదాముల్లో ధాన్యం పెట్టుకుని మనుషుల్ని ఆకలితో చావనివ్వడం కుదరదు, తిండి హక్కు బతికే హక్కులో భాగం, అన్నదే వాళ్ల వాదన. ఆ నవంబరు 28న కోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో బడి పిల్లలకి వండిన అన్నం, అంగన్‌వాడీ, మరీ పేదవాళ్లకిచ్చే అంత్యోదయ రేషన్, వృద్ధాప్య పింఛను లాంటివన్నీ ప్రభుత్వం దయతలిచి ఇచ్చేవి కాకుండా జనం అడిగి తీసుకునే హక్కులయ్యాయి. అవి అమలవుతున్నాయో లేదో చూడమని 2002లో కోర్టు ఇద్దరు కమిషనర్లని వేసింది. ఒకరు ఎన్.సి. సక్సేనా, రెండోవారు ఎస్.ఆర్. శంకరన్, మన ఆంధ్రలో సాంఘిక సంక్షేమ కార్యదర్శిగా చేసిన ఆ శంకరన్ గారే. ఆ దారిలోనే 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చింది. పన్నెండేళ్లు పట్టింది. ఆ పన్నెండేళ్లూ నడిచింది ఢిల్లీ వకీళ్ల తెలివి ఒక్కదానివల్లే కాదు. ఏ ఊళ్లో ఎవరికి ఎన్ని నెలల బియ్యం రాలేదు, ఏ బడిలో పొయ్యి వెలగలేదు అని నీలాంటివాళ్లు కాగితం మీద రాసి పంపబట్టే నడిచింది. నేనూ అలా రాసి పంపినదాన్నే.

కాబట్టి చిన్న సంఘం వల్ల అవుతుందా అని అడగకు, అవుతుంది. చెయ్యవలసింది ఒక్కటే. వచ్చే ఆదివారం కిట్ ఇచ్చేటప్పుడు ప్రతి ఇంట్లో అరగంట కూర్చో. రేషన్ కార్డు చూపించమను. ఇంట్లో ఎంతమంది, కార్డులో ఎంతమంది, ఈ మూడు నెలల్లో ఎన్ని కిలోలు వచ్చాయి, రాకపోతే ఏం చెప్పి పంపేశారు అని అడిగి వాళ్లు చెప్పిన మాటని చెప్పినట్టే రాసుకో. "బియ్యం రావడం లేదు" అనే వాక్యం ఎవరికీ పనికిరాదు తమ్ముడూ. ఎందుకు రావడం లేదన్నదే పని. ఒకే కారణం పది ఇళ్లలో కనిపించిందంటే అది ఆ పదిళ్ల ఖర్మ కాదు, రూలులో ఎక్కడో కన్నం ఉంది. ఆ కన్నం పూడ్చమని అడగడమే మీ పెద్దమనిషి చెప్పిన అడ్వకసీ.

సవర గూడేల్లో సవర మాట్లాడే ఆడపిల్లనొకర్ని వెంట తీసుకెళ్లు. తెలుగులో అడిగితే "వస్తోంది బాబూ" అనేస్తారు, మర్యాదకి. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండి వాళ్ల భాష నేర్చుకున్నాకే కదా వాళ్లకి పుస్తకాలు తయారుచేశారు.

చోళ్ల సంగతి, అదే రాగుల సంగతి కూడా చెప్పాలి, నా పేరే అది కాబట్టి. కొండలవాళ్లు పండించి తినే చోళ్లు, సామలు పక్కకి పోయి రేషన్ డిపోలో బియ్యం ఒక్కటే మిగిలిందని సంఘాలవాళ్లు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. 2016 జనవరిలో భువనేశ్వర్‌లో ప్రభుత్వం, సంఘాలు, పరిశోధకులు ఒకచోట కూర్చున్నారు, 2017లో ఒడిశా మిల్లెట్స్ మిషన్ మొదలైంది, మన రాయగడ, గజపతి, కోరాపుట్ సహా 7 జిల్లాల్లో 30 బ్లాకులతో. ఇప్పుడు ప్రభుత్వం మద్దతు ధరకి చోళ్లు కొంటోంది, డిపోల్లోనూ ఇచ్చింది. రైతుల లెక్కలు, వంటల లెక్కలు చేతిలో పెట్టుకుని అడిగారు కాబట్టే అది పథకం అయింది.

బరంపురం_బండి:

అక్క చెప్పిందంతా నిజం. కానీ భయ్యా, కిట్లు మాత్రం ఆపకు. నేను బరంపురంలో లారీ ఆఫీసులో పనిచేస్తాను, చిన్నప్పుడు మా ఇంట్లో రాత్రి పొయ్యి వెలగని రోజులు ఉండేవి, పక్కింటి మామ్మ గంజిలో ఉప్పు వేసి గిన్నెతో తెచ్చి ఇచ్చేది. ఆ గంజి లేకపోతే మా తమ్ముడు ఉండేవాడు కాదు. ప్రభుత్వం కదలడానికి ఏడాది పట్టవచ్చు, పిల్ల కడుపు ఏడాది ఆగదు. రెండూ చెయ్యండి.

పర్లాకిమిడి_పెద్దాయన:

బాబూ, నేను సరఫరాల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. అవతలి కుర్చీలో కూర్చున్నవాడికి మీ అర్జీ ఎలా కనిపిస్తుందో చెబుతాను, అది మీకు ఎవరూ చెప్పరు.

మొదటిది, డీలరు దొంగ అని మొదలుపెట్టకండి. అలా అన్న మరుక్షణం అది గొడవ అవుతుంది, విచారణ అంటారు, అందరూ ఆ డీలరు చుట్టూ తిరుగుతారు, మీ ఇళ్ల సంగతి మరుగున పడుతుంది. ఇంటి పేరు, కార్డు నంబరు, నెల, రాని కిలోలు, చెప్పిన కారణం, ఇంతే రాయండి. సోమవారం కలెక్టరుగారు ఫిర్యాదులు తీసుకునే జాయింట్ గ్రీవెన్స్‌లో ఇవ్వండి, నంబరు వేసిన రసీదు చేతికి వచ్చేదాకా కదలకండి. నోటిమాటకి ఫైలు పుట్టదు.

రెండోది, చట్టం పేరు చెప్పి అడగండి. 2013 చట్టంలో మామూలు కార్డుకి మనిషికి నెలకి 5 కిలోలు, అంత్యోదయ కార్డుకి ఇంటికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఇది ఉచితం. జిల్లాకి ఒక ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలని 15వ సెక్షన్, ఆయన దగ్గర న్యాయం జరగకపోతే రాష్ట్ర ఆహార కమిషన్ అని 16వ సెక్షన్. 28వ సెక్షన్‌లో సోషల్ ఆడిట్, అంటే జనం ముందు లెక్కల తనిఖీ, 29లో డిపో దగ్గర్నుంచి రాష్ట్రం దాకా విజిలెన్స్ కమిటీలు. బియ్యం ఇవ్వలేకపోతే ఆ మేరకు డబ్బు ఇవ్వాలని 8వ సెక్షన్. ఈ నంబర్లు అర్జీలో కనిపిస్తే గుమస్తా దాన్ని పక్కన పడెయ్యడానికి వెనకాడతాడు, అనుభవంతో చెబుతున్నాను.

వేలిముద్ర పడలేదని, ఆధార్ లేదని ముసలివాళ్లని తిప్పి పంపుతుంటే అది రూలుకి విరుద్ధం. ఝార్ఖండ్‌లో 2017 సెప్టెంబరులో సిమ్డేగా జిల్లాలో పదకొండేళ్ల పిల్ల చనిపోయింది, ఆధార్ కలపలేదని ఆ ఇంటి కార్డు తీసేశారు. దేశమంతా గగ్గోలయ్యాక అక్టోబరు 24న కేంద్రం అన్ని రాష్ట్రాలకీ లేఖ రాసింది, ఆధార్ కారణంగా ఎవరికీ రేషన్ ఆపకూడదు అని. ఆ లేఖ ప్రింటు తీసి జేబులో పెట్టుకోండి.

కోటా అయిపోయింది, కొత్త కార్డు ఇవ్వలేం అంటారు. అందులో కొంత నిజం ఉంది. ఏ రాష్ట్రానికి ఎంతమందికి ఇవ్వాలన్నది ఇప్పటికీ 2011 జనాభా లెక్క మీదే నడుస్తోంది, తర్వాత పుట్టినవాళ్లు ఆ లెక్కలోనే లేరు. కానీ ఆ మాట దగ్గర ఆగిపోకండి. మన ఒడిశా రాష్ట్రమే 2018 అక్టోబరు 2న సొంత డబ్బుతో రాష్ట్ర ఆహార భద్రతా పథకం పెట్టి, కేంద్రం లెక్కలో మిగిలిపోయిన సుమారు 25 లక్షల మందికి దారి చూపించింది. ఒకసారి చేసినదాన్ని మళ్లీ చెయ్యమని అడగవచ్చు.

ఇక మన సరిహద్దులో మీకు తప్పకుండా తగిలేది ఒకటుంది. భామిని, కొత్తూరు, పాతపట్నం నుంచి ఇటు వచ్చిన కోడళ్లు. ఆ కోడలి పేరు ఆంధ్రాలో పుట్టింటి కార్డులో ఉంటుంది. ఇక్కడ చేర్చమంటే, ఆధార్ వేరే రాష్ట్రం కార్డులో ఉందని తిరగ్గొడతారు. అక్కడ తీయించుకుని రమ్మంటారు. అక్కడికి వెళితే, కార్డు మీ నాన్న పేరున ఉంది, ఆయన వేలిముద్ర కావాలి అంటారు, ఆ నాన్న చెన్నైలో కూలికి పోయి ఉంటాడు. ఇలా తిరగలేక వదిలేస్తారు. తర్వాత పిల్లలు పుడితే తల్లి పేరే లేదు కాబట్టి వాళ్ల పేర్లు ఎక్కించడం ఇంకా కష్టం. నేను ఉద్యోగంలో ఉండగా ఇలాంటి కేసులు చూసి బాధపడ్డాను గాని ఒక్కొక్కటీ విడిగా వచ్చేది, అందరివీ ఒక్కచోట పెట్టి పైకి రాసినవాళ్లు లేరు. నేనూ రాయలేదు. మీరు రాయండి.

ఈలోగా ఒక దారి ఉంది. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద ఆంధ్రా కార్డులో పేరున్న కోడలు ఇక్కడి డిపోలో వేలిముద్ర వేసి తన వాటా తీసుకోవచ్చు. కాకపోతే ఆ కార్డు కేంద్ర చట్టం కిందది అయి ఉండాలి. ఆంధ్రాలో రాష్ట్రం తన డబ్బుతో ఇచ్చే కార్డులూ ఉన్నాయి, వాటికి ఇది కుదరదు. ముందు అది చూసుకోండి.

జయపురం_లెక్కలు:

రిజిస్ట్రేషన్ భయం గురించి నేను చెబుతాను, కొన్ని సంఘాల లెక్కలు చూస్తుంటాను. అర్జీ పెట్టడం, సమాచార హక్కు కింద అడగడం, ఊరందరి సమావేశం పల్లి సభలో లేచి మాట్లాడడం, అధికారుల్ని కలిసి రూలు మార్చమనడం, ఇవి ఏ పౌరుడైనా చెయ్యొచ్చు, సొసైటీ అయినంత మాత్రాన ఆ హక్కు పోదు. ఓటు ఫలానావాడికి వెయ్యండి అనకూడదు, పార్టీ జెండా కింద నిలబడకూడదు, సంఘం డబ్బు ఎన్నికల్లోకి పోకూడదు. ఎన్నికల ముందు ఏ నాయకుడైనా మీ కిట్ సంచి మీద తన ఫోటో వేస్తానంటే వద్దనండి, డబ్బు ఎంత ఇచ్చినా సరే.

మీ డబ్బు ఇక్కడివాళ్లదే కాబట్టి విదేశీ విరాళాల చట్టం, అదే ఎఫ్‌సీఆర్‌ఏ మీకు అంటదు. రేపు దుబాయి నుంచో అమెరికా నుంచో ఎవరైనా పంపుతామంటే మాత్రం, వాళ్లు ఇండియా పాస్‌పోర్టువాళ్లా వేరే దేశం పౌరులా అన్నది ముందు కనుక్కోండి. ఇండియా పౌరుడు తన జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కాదు, వేరే దేశం పౌరసత్వం తీసుకున్నవాడైతే అవుతుంది. 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, పార్టీ రాజకీయాలతో సంబంధం లేని సంఘం జనం హక్కుల కోసం నిరసన చేసినంత మాత్రాన దానికి రాజకీయ సంస్థ అని ముద్ర వెయ్యకూడదని చెప్పింది. ధైర్యంగా చెయ్యండి. తిరిగిన బస్సు చార్జీలు, జిరాక్సులు, అన్నీ పుస్తకంలో రాయండి, కిట్ల ఖాతాలో కలపకండి.

ఇంకో మాట. కొటియా ఊళ్లు తెలుసు కదా, పొట్టంగి వైపు, మాదంటే మాదని రెండు రాష్ట్రాలూ పోటీపడుతున్నవి. అక్కడ రెండు వైపుల కార్డులూ ఉన్న ఇళ్లు ఉన్నాయి. మన దగ్గర మాత్రం ఒక కోడలు రెండు రాష్ట్రాల మధ్య ఏ కార్డూ లేకుండా మిగిలిపోతోంది. రాష్ట్రాలు తల్చుకుంటే హద్దు అడ్డం కాదని కొటియా చూస్తే తెలుస్తుంది.

వంశధార_ఒడ్డు:

అందరికీ దండాలు. రెండు నెలలు ఇటు రాలేదు, ఎందుకంటే మీరు చెప్పిన పనే చేస్తున్నాం.

కిట్లు ఆపలేదు. 41 ఇళ్లలో కూర్చుని అడిగాం. అక్క చెప్పినట్టు సవర తెలిసిన అమ్మాయిని తీసుకెళ్లాం, తేడా మొదటి ఇంట్లోనే తెలిసిపోయింది. నాతో అయిదేళ్లుగా "బాగానే ఉంది బాబూ" అన్న ముసలమ్మ ఆ పిల్లతో గంటసేపు మాట్లాడింది. వేలిముద్ర పడక నాలుగు నెలలుగా తిరుగుతోందట, మనవడు తన వాటాలోంచి పెడుతున్నాడట. నేను పక్కనే కూర్చుని ఉన్నాను, తలెత్తి ఆమె ముఖం చూడలేకపోయాను.

వేలిముద్ర ఇళ్లు 7. వాటి గురించి 2017 లేఖ జతచేసి అర్జీ ఇచ్చాం. మొదటి సోమవారం తీసుకోలేదు, ఒరియాలో తప్పులున్నాయన్నారు. మళ్లీ రాసుకుని వెళ్లాం. ఏ బ్లాకో రాయను గాని, మూడో వారానికి ఒక అధికారి స్వయంగా ఊరికి వచ్చి, ముద్ర పడనివాళ్ల పేర్లు వేరే రిజిస్టర్లో రాయించి బియ్యం ఇప్పించారు. 7 ఇళ్లకీ వచ్చింది. ముసలమ్మకి కూడా. ఒక్క కిట్ కూడా పెంచకుండా 7 ఇళ్లలో పూర్తి నెల బియ్యం, నాకు ఇంకా నమ్మశక్యంగా లేదు.

పిల్లల పేర్లు ఎక్కనివి 9 ఇళ్లు, అర్జీలు పెట్టాం, రసీదులు ఉన్నాయి, జవాబు రాలేదు. 5 ఇళ్లకి అసలు కార్డే లేదు, వాటికి కోటా అయిపోయిందన్న మాటే చెప్పారు, పెద్దాయన చెప్పినట్టు ఫిర్యాదుల అధికారికి రాశాం.

కోడళ్లవి 12. పెద్దాయన చెప్పింది అక్షరం పొల్లు పోలేదు. పన్నెండుమందిలో ఎనిమిదిమంది ఆంధ్రా నుంచి వచ్చినవాళ్లే, ఇద్దరు గర్భిణులు. అయిదుగురివి కేంద్రం కార్డులే అని తేలింది, వాళ్లలో ముగ్గురు ఇక్కడి డిపోలోనే తీసుకున్నారు. తీసుకోవచ్చని వాళ్లకి ఎవరూ చెప్పలేదట. మిగతావాళ్ల దగ్గర ఆగిపోయాం. ఇక్కడి ఆఫీసువాళ్లు మంచిగానే మాట్లాడారు, కానీ అటువైపు పేరు తీస్తే తప్ప మా చేతిలో లేదన్నారు. అటు మాకు ఎవరూ తెలియదు. పాతపట్నం, భామిని వైపు ఎవరైనా ఉన్నారా?

మహేంద్రతనయ:

నేను పాతపట్నం దగ్గర ఉంటానండి, ఇక్కడ మహిళా సంఘంలో లీడర్‌ని. మాకు ఇదే సమస్య తిరగేసి ఉంది. పర్లాకిమిడి, కాశీనగర్ నుంచి వచ్చిన కోడళ్లు మా సంఘంలోనే ఆరుగురు, వాళ్ల పేర్లు ఒడిశా కార్డుల్లో ఇరుక్కున్నాయి. ఇన్నాళ్లూ ఇది మా ఒక్క ఊరి సంగతే అనుకున్నాను.

మా సచివాలయంలో అడిగాను. పెళ్లి అయినట్టు ఆధారం, ఆధార్, కొత్త చిరునామా ఇస్తే పేరు తీసే దరఖాస్తు తీసుకుంటామన్నారు, కాకపోతే కార్డుదారుడి ముద్ర దగ్గర వాళ్లూ ఆగారు. తండ్రి వలస పోయి ఉంటే ఏం చెయ్యాలో రూలులో లేదట. అంటే పైకి రాయాల్సింది అదొక్కటే. పెళ్లయిన ఆడమనిషి తన ముద్రతో తన పేరు తాను తీయించుకోవచ్చని రెండు రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. మీ ఎనిమిది, మా ఆరు కలిపి ఒకే అర్జీ రాద్దాం, తెలుగులో మన్యం, శ్రీకాకుళం కలెక్టర్లకి, ఒరియాలో రాయగడ, గజపతి కలెక్టర్లకి, ఒకే రోజు.

పర్లాకిమిడి_పెద్దాయన:

ఒరియా అర్జీ నేను రాస్తాను. ఇద్దరు గర్భిణుల పేర్లు అన్నిటికంటే పైన పెట్టండి, నాలుగో సెక్షన్ కింద వాళ్లకి అంగన్‌వాడీ భోజనం వేరే హక్కు, దానికి రేషన్ కార్డుతో పని లేదు. అది ఈ వారంలోనే అడగండి, దీనికోసం ఆపకండి.

వంశధార_ఒడ్డు:

గర్భిణుల సంగతి రేపు పొద్దున్నే చూస్తాను సార్. మహేంద్రతనయ అక్కా, వచ్చే ఆదివారం గుణుపురం ప్యాసింజర్‌లో మేం నలుగురం, కోడళ్లలో రాగలిగినవాళ్లు వస్తాం. పెద్దాయన పర్లాకిమిడిలో ఎక్కుతారు. పాతపట్నం స్టేషన్‌లో దిగుతాం. ఆధార్ జిరాక్సులు, రెండు వైపుల కార్డుల జిరాక్సులు మా దగ్గర ఉన్నాయి, పెళ్లి ఫోటోలు కూడా తీసుకొస్తున్నాం. మీ ఆరుగురివి కూడా సిద్ధంగా ఉంచండి.